కాలనీలో టిప్పర్ల మోత: ఎవరికి ఫిర్యాదు చేయాలి, ఏమని అడగాలి?

మీ వీధి చివర ఖాళీ స్థలం చుట్టూ రేకులు కట్టారు. వారం తిరక్కుండానే పొక్లెయిన్ దిగింది. అప్పటి నుంచి రాత్రి పదకొండు దాటితే చాలు, ఒకదాని వెనక ఒకటి టిప్పర్లు. కిటికీ అద్దాలు అదురుతున్నాయి. తెల్లారి చూస్తే రోడ్డంతా మట్టి. స్కూల్ బస్సు కోసం నిలబడ్డ పిల్లల పక్క నుంచే లోడు బండి దూసుకుపోతోంది. పోలీసులకు ఫోన్ చేస్తే మున్సిపాలిటీకి చెప్పమంటారు. మున్సిపాలిటీకి వెళ్తే ‘వాళ్లకు పర్మిషన్ ఉందండీ’ అంటారు.

ఇలా తిప్పడానికి ఒక కారణం ఉంది. ‘లారీలు ఆపండి’ అనే ఫిర్యాదు ఏ ఒక్క శాఖ పరిధిలోకీ పూర్తిగా రాదు. బండి ఏ వేళలో వస్తోంది, ఎంత బరువు మోస్తోంది, ఎంత దుమ్ము లేపుతోంది, రోడ్డును ఏం చేస్తోంది అన్నవి నాలుగు వేర్వేరు విషయాలు. వాటికి బాధ్యులు వేరు, చట్టాలు వేరు. ఫిర్యాదును అలా విడగొట్టి రాస్తే ‘మాది కాదు’ అని తప్పించుకోవడం ఎవరికైనా కష్టమే.

అసలు ఎన్ని బండ్లు వస్తాయి?

ఒక చిన్న లెక్క చూడండి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. అంత స్థలంలో ఒక్క సెల్లార్ కోసం 3 మీటర్ల లోతు తవ్వితే 12 వేల ఘనపు మీటర్లకు పైగా మట్టి వస్తుంది. తవ్వాక మట్టి గుల్లబారి పెరుగుతుంది కాబట్టి 15 వేల ఘనపు మీటర్లు అనుకోండి. టిప్పర్‌కు 14 ఘనపు మీటర్ల చొప్పున వేసుకున్నా వెయ్యికి పైగా లోడ్లు. మూడు సెల్లార్లయితే 3 వేలు దాటుతాయి. ఖాళీగా వచ్చే బండ్లనూ కలిపితే మీ ఇంటి ముందు నుంచి 6 వేల సార్లకు పైగా రాకపోకలు. ఆ తర్వాత స్టీలు, ఇసుక, రెడీమిక్స్ లారీలు ఎలాగూ ఉంటాయి.

అంటే ఇది నాలుగు రోజులు ఓర్చుకుంటే పోయేది కాదు. అందుకే తవ్వకం సగమయ్యాక కాదు, రేకులు కట్టిన రోజే కదలాలి.

పూర్తిగా ఆపించవచ్చా?

అనుమతి ఉన్న నిర్మాణానికి సామగ్రి రాకుండా పూర్తిగా ఆపించడం దాదాపు అసాధ్యం. కానీ ఏ దారిలో రావాలి, ఏ వేళల్లో రావాలి అన్నది నియంత్రించవచ్చు. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 115 ఈ అధికారాన్ని ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన వారికి ఇస్తోంది. ప్రజల భద్రత, సౌకర్యం కోసం ఒక ప్రాంతంలో గానీ, ఒక రోడ్డులో గానీ ఫలానా రకం వాహనాలను నిషేధించవచ్చు లేదా పరిమితం చేయవచ్చు. ఆంక్ష నెల రోజుల లోపుదైతే గెజిట్ నోటిఫికేషన్ కూడా అక్కర్లేదు, స్థానికంగా ప్రచారం చేస్తే చాలు.

కాబట్టి ట్రాఫిక్ ఏసీపీకి ఇచ్చే వినతిలో ‘లారీలు వద్దు’ అని మాత్రమే రాయకండి. ‘మా కాలనీ రెండో వీధి వెడల్పు 30 అడుగులే, స్కూలు ఉంది, సైటుకు వెనక వైపు 60 అడుగుల రోడ్డు ఉంది, భారీ వాహనాలను అటు మళ్లించండి, స్కూలు వేళల్లో ఇటు రానివ్వకండి’ అని రాయండి. ప్రత్యామ్నాయ దారి చూపిస్తే అధికారికి నిర్ణయం తీసుకోవడం తేలికవుతుంది.

రాత్రి వేళ సంగతేంటి?

చిక్కంతా ఇక్కడే ఉంది. పగలు ట్రాఫిక్ నరకమవుతుందని నగరాల్లో భారీ వాహనాలపై పోలీసులు ఆంక్షలు పెడతారు. దాంతో మట్టి బండ్లన్నీ రాత్రికి మారతాయి. ట్రాఫిక్‌కు మంచిదైన నిర్ణయం మీ నిద్రకు చేటవుతుంది.

అయితే చాలామందికి తెలియని నిబంధన ఒకటుంది. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000కు 2010లో చేసిన సవరణ ప్రకారం, నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు శబ్దం చేసే నిర్మాణ యంత్రాలను వాడకూడదు. అత్యవసరమైతే తప్ప హారన్ కూడా కొట్టకూడదు. నివాస ప్రాంతాల్లో శబ్ద పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్. ఆసుపత్రి, విద్యాసంస్థ, కోర్టు చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ పరిమితి ఇంకా తక్కువ.

దీని అర్థం ఏమిటంటే, రోడ్డు మీద వెళ్లే లారీని రాత్రిపూట ఆపడం కన్నా, ఆ లారీని నింపే పొక్లెయిన్‌ను ఆపించడం తేలిక. లోడింగ్ ఆగితే బండ్లు వాటంతట అవే ఆగుతాయి. రాత్రి 100 లేదా 112కు ఫోన్ చేసినప్పుడు ‘లారీలు తిరుగుతున్నాయి’ అనే బదులు ‘నివాస ప్రాంతంలో పది దాటాక పొక్లెయిన్, బ్రేకర్ నడుపుతున్నారు’ అని చెప్పండి. కాలుష్య నియంత్రణ మండలికీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

దీనికి మరో వైపూ ఉంది. రాత్రి వద్దంటే బండ్లు పగలే రావాలి. స్కూలు, ఆఫీసు వేళలు వదిలేసి ఏ సమయంలో రావచ్చో మీరే సూచించడానికి సిద్ధంగా ఉండండి.

అధిక లోడు, దుమ్ము ఎవరు చూస్తారు?

అధిక లోడు రవాణా శాఖ, ట్రాఫిక్ పోలీసుల పని. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 కింద జరిమానా రూ.20 వేలు. పరిమితికి మించిన ప్రతి టన్నుకు మరో రూ.2 వేలు అదనం. ఎక్కువైన సరుకు దించేదాకా బండి కదలకూడదు. బండికి ఎంత బరువు అనుమతి ఉందో ఆర్సీలో ఉంటుంది, అధికారులు కాటా వేయించవచ్చు.

సరుకుపై పట్టా కప్పకపోతే ఏమవుతుందో తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొన్నప్పుడు కంకర ప్రయాణికుల మీద పడింది. 19 మంది ప్రాణాలు పోయాయి. అది హైవే, మీది కాలనీ వీధి. కానీ తిరిగేది అలాంటి బండే, మోసేదీ అలాంటి సరుకే.

దుమ్ము విషయంలో 2018లో పర్యావరణ పరిరక్షణ నిబంధనలకు కొన్ని అంశాలు చేర్చారు. సైటుకు వెళ్లే దారి గట్టి రోడ్డుగా ఉండాలి, మట్టి, ఇసుక కప్పకుండా వదలకూడదు, నీళ్లు చల్లే ఏర్పాటు ఉండాలి. తీసుకుంటున్న చర్యలు జనానికి కనిపించేలా సైటు దగ్గర బోర్డు పెట్టాలి. పర్యావరణ అనుమతి అవసరమైన పెద్ద నిర్మాణాలకు ఇవి తప్పనిసరి. మీ దగ్గర ఆ బోర్డు ఉందో లేదో వెళ్లి చూడండి. లేకపోతే ఫొటో తీసి పెట్టుకోండి.

రోడ్డు, మ్యాన్‌హోల్ పగిలితే?

ఇది కార్పొరేషన్ లేదా మున్సిపాలిటీ పని. ఇంజినీరింగ్ విభాగానికి రోడ్డు నష్టం గురించి, టౌన్ ప్లానింగ్ విభాగానికి అనుమతి షరతుల గురించి విడివిడిగా ఫిర్యాదు ఇవ్వండి. హైదరాబాద్‌లో ఇచ్చే నిర్మాణ అనుమతి పత్రాల్లో సాధారణంగా ఒక షరతు ఉంటుంది: ఫుట్‌పాత్ మీద, రోడ్డు పక్కన సామగ్రి పోసి రాకపోకలకు అడ్డం కలిగిస్తే అనుమతిని సస్పెండ్ చేయవచ్చు. తవ్వకం మొదలు కాకముందే మీ వీధి రోడ్డును, మూతలను తేదీ కనిపించేలా వీడియో తీసి ఉంచండి. ‘రోడ్డు ముందే పాడైంది’ అనే మాటకు అదే జవాబు.

పెద్ద ప్రాజెక్టయితే మరో దారి

నిర్మాణ విస్తీర్ణం 20 వేల చదరపు మీటర్లు, అంతకన్నా ఎక్కువైతే 2006 నోటిఫికేషన్ ప్రకారం ముందస్తు పర్యావరణ అనుమతి ఉండాలి. ఆ పత్రాలు కేంద్రం నడిపే పరివేష్ పోర్టల్‌లో దొరుకుతాయి. అందులోని షరతులు చదివి, పాటించని వాటిని నంబరుతో సహా ఫిర్యాదులో రాయండి. పత్రం దొరక్కపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి.

ఫిర్యాదు ఎలా ఉండాలి?

ఐదారు రోజులు లెక్క రాయండి: తేదీ, సమయం, బండి నంబరు, పట్టా ఉందా లేదా, ఎటు వెళ్లింది. జీపీఎస్, సమయం పడే కెమెరా యాప్‌తో ఫొటోలు తీయండి. కాలనీ సంక్షేమ సంఘం లెటర్‌హెడ్ మీద, నివాసుల సంతకాలతో, ఒక్కో శాఖకు ఒక్కో పేజీ ఇచ్చి రసీదు తీసుకోండి. స్పందన లేకపోతే తెలంగాణలో సోమవారం ప్రజావాణికి, ఆంధ్రప్రదేశ్‌లో కలెక్టరేట్‌లోని ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదికకు అదే ప్రతి పట్టుకెళ్లండి.

రోడ్డుకు అడ్డంగా కూర్చుంటే?

కోపం వచ్చినా ఆ పని చేయకండి. వెళ్లే హక్కున్న వారిని అడ్డుకోవడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 126 కింద నేరం. నెల వరకు జైలు గానీ, రూ.5 వేల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. కేసు మీ మీదికి మళ్లితే అసలు సమస్య పక్కకు పోతుంది. డ్రైవర్‌తో గొడవా వద్దు. చాలాచోట్ల అతనికి ట్రిప్పుల లెక్కన డబ్బులు. ఎన్ని ట్రిప్పులు కొట్టాలో, ఏ వేళకు రావాలో అతని చేతిలో ఉండదు. మాట్లాడాల్సింది బిల్డర్‌తో, మట్టి కాంట్రాక్టర్‌తో.

ఎవరూ వినకపోతే?

భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 152 కింద ప్రజా ఇబ్బందిని తొలగించమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌ను కోరవచ్చు. పర్యావరణ ఉల్లంఘన అయితే జాతీయ హరిత ట్రైబ్యునల్ ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై బెంచ్ పరిధిలోకి వస్తాయి. సమస్య మొదలైన ఆరు నెలల్లోపు దరఖాస్తు చేయాలి, సరైన కారణం ఉంటే మరో 60 రోజులు ఇస్తారు. ఆలస్యం చేస్తే ఈ తలుపు మూసుకుపోతుంది.

అయితే అంతదాకా వెళ్లకముందే బిల్డర్‌తో కూర్చుని రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవడం మంచిది. దారి, వేళలు, పట్టా, సైటు గేటు దగ్గర టైర్లు కడగడం, మలుపులో జెండా పట్టుకుని నిలబడే మనిషి, రోడ్డు పాడైతే బాగు చేసే బాధ్యత, రాత్రి ఫోన్ ఎత్తే ఒక నంబరు అందులో ఉండాలి. ఒక ప్రతిని ట్రాఫిక్ పోలీసులకు ఇవ్వండి. మాట తప్పిన రోజు మీ ఫిర్యాదుకు అదే మొదటి ఆధారం.