ఏలూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి: జిల్లా ఆసుపత్రి నుండి బోధనాసుపత్రి

ఏలూరు పట్టణవాసులకు, కొల్లేటి లంక గ్రామాల ప్రజలకు పెద్దదిక్కైన జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి నేడు బోధనాసుపత్రి. దీని ఆవశ్యకత 2020లోనే తేటతెల్లమైనది.

ఆ సంవత్సరం డిసెంబరు 5 నుండి ఏలూరులో పిల్లలు, పెద్దలు ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోసాగిరి. కొద్దిరోజులలోనే బాధితులు 600 దాటినారు. ఒకరు మరణించగా, అత్యధికులు త్వరగానే కోలుకొని ఇండ్లకు చేరిరి. మెరుగైన చికిత్స అవసరమైనవారిని విజయవాడ, గుంటూరులకు తరలించవలసి వచ్చినది. కారణము తెలియుటకు నమూనాలు ఢిల్లీ, హైదరాబాదులకు వెళ్లినవి. రక్తములో సీసము, నికెల్ ఉన్నట్లు ఢిల్లీ ఎయిమ్స్ గుర్తించినది. పురుగుమందుల అవశేషములే ప్రధాన కారణము కావచ్చునని నిపుణులు తదుపరి అభిప్రాయపడిరి.

ఏలూరులో ఆశ్రం వైద్య కళాశాల 1999 నుండి ఉన్నను, అది ప్రైవేటు సంస్థ. ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరు 15న 150 ఎం.బి.బి.ఎస్. సీట్లతో ప్రారంభమైనది. దానితో జిల్లా ఆసుపత్రి సర్వజన ఆసుపత్రి అయినది.

బోధనాసుపత్రి అనగా పడకల పెంపు మాత్రమే కాదు. చికిత్సా విభాగములతోపాటు జీవరసాయన, సూక్ష్మజీవ, ఫోరెన్సిక్ వైద్య విభాగములు కళాశాలకు తప్పనిసరి. సామాజిక వైద్య విభాగము విద్యార్థులను వార్డుల నుండి గ్రామములకు నడిపించును. అచ్చట త్రాగునీరు, ఆహారము, వృత్తి కూడ రోగనిర్ధారణలో భాగమే.