శాన్‌ఫ్రాన్సిస్కో కొండల మీద పదకొండు నిమిషాలు

ఈ సంచికకు ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి అడుగుతూ, "బడి జ్ఞాపకాలు రాసేవాళ్లు చాలామందే ఉన్నారు, నువ్వు బండ్ల గురించి రాయరా" అన్నాడు. ముప్ఫై ఏళ్లు బస్సు డిపో గ్యారేజీలో పనిచేసినవాడికి అంతకన్నా ఏం కావాలి! అయితే నేను రాయబోయేది మన బస్సుల గురించి కాదు. 1968 అక్టోబరులో అమెరికాలో విడుదలైన 'బుల్లిట్' సినిమాలోని కారు ఛేజింగ్ గురించి, అందులో పరుగెత్తిన మజిల్ కార్ల గురించి. ఆ సినిమాను నేను మొదట చూసింది వీడియో క్యాసెట్టులో. కథ ఇప్పటికీ సరిగ్గా గుర్తుండదు. ఆ ఛేజింగ్ మాత్రం ఒక్క మలుపు కూడా మరిచిపోలేదు.

మజిల్ కారు అంటే మధ్యరకం కారులో పెద్ద కారు ఇంజను పెట్టడం. అంతకన్నా రహస్యమేమీ లేదు. దీనికి మొదలుగా చాలామంది చెప్పేది 1964 నాటి పాంటియాక్ జీటీవో. మధ్యరకం కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజను పెట్టకూడదని జనరల్ మోటార్స్ కంపెనీలో నియమం ఉండేది. జాన్ డెలోరియన్ బృందం 389 ఘనపు అంగుళాల ఇంజనును టెంపెస్ట్ కారుకు 'అదనపు సామగ్రి'గా చూపించి అమ్మింది. నియమం కారుకే గానీ అదనపు సామగ్రికి కాదు గదా! మన ఆఫీసుల్లో ఫైళ్లు నడిపినవాళ్లకు ఈ కిటుకు కొత్తేమీ కాదు. అదే ఏడాది ఏప్రిల్ 17న ఫోర్డ్ మస్టాంగ్ వచ్చింది. కుర్రకారు ఎగబడి కొన్నారు.

ఆ ఇంజన్ల పరిమాణం తెలియాలంటే మనకు తెలిసిన బండితో పోల్చుకోవాలి. ఆ రోజుల్లో మన రోడ్ల మీద తిరిగిన అంబాసిడర్ ఇంజను 1,489 సీసీ, శక్తి సుమారు 50 అశ్వాలు. 'బుల్లిట్'లో కథానాయకుడు నడిపిన ఆకుపచ్చ మస్టాంగ్ జీటీ ఇంజను దాదాపు 6,400 సీసీ. విలన్ల నల్ల డాడ్జ్ ఛార్జర్‌ది 7,200 సీసీ, కంపెనీ లెక్క ప్రకారం 375 అశ్వాలు. ఏడు అంబాసిడర్ల బలం ఒక్క బానెట్ కింద! గ్యారేజీవాడిగా ఒక మాట అనక తప్పదు. ఆ కాలపు తయారీదారులు ఇంజను మీద పెట్టిన శ్రద్ధ బ్రేకుల మీద, సస్పెన్షన్ మీద పెట్టలేదు. తిన్నటి రోడ్డు మీద అవి సింహాలు, మలుపులో మాత్రం ఏనుగులు. అందుకే సినిమా కోసం మాక్స్ బల్చౌస్కీ అనే మెకానిక్ ఆ కార్ల సస్పెన్షన్‌ను గట్టిపరిచాడు. కొండ దిగేటప్పుడు నాలుగు చక్రాలూ గాలిలోకి లేచి మళ్లీ నేలను గుద్దుకునే దృశ్యాలు ఉన్నాయి కదా, అవి ఆయన పనితనానికి పరీక్షలు.

దర్శకుడు పీటర్ యేట్స్ ఇంగ్లండువాడు. అంతకుముందు 'రాబరీ' అనే సినిమాలో ఆయన తీసిన ఛేజింగ్ నచ్చి స్టీవ్ మెక్‌క్వీన్ పిలిపించుకున్నాడు. కెమెరాను నెమ్మదిగా తిప్పి తెరమీద వేగం పెంచే పాత పద్ధతి ఇందులో వాడలేదు. తెరమీద ఎంత వేగం కనిపిస్తే రోడ్డు మీదా అంతే, కొన్నిచోట్ల గంటకు 110 మైళ్లు దాటింది. మెక్‌క్వీన్ కొంత తానే నడిపాడు. ప్రమాదకరమైన చోట్ల నడిపింది బడ్ ఎకిన్స్. 'ద గ్రేట్ ఎస్కేప్'లో మోటారు సైకిలుతో ముళ్లకంచె దూకింది కూడా ఆయనే. పేరు మాత్రం హీరోకే వచ్చింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్షణం కార్లు పరుగెత్తక ముందుది. అప్పటిదాకా లాలో షిఫ్రిన్ సంగీతం నడుస్తూ ఉంటుంది. ఛార్జర్ నడిపేవాడు, నల్ల చేతితొడుగులు వేసుకున్న నెమ్మదైన మనిషి, సీటు బెల్టు లాగి టక్కున బిగిస్తాడు. ఆపైన టైర్లు కీచుమంటాయి, సంగీతం ఆగిపోతుంది. ఇక మిగిలినంతసేపూ ఇంజన్ల గర్జనే. మొత్తం 10 నిమిషాల 53 సెకన్ల ఛేజింగ్. అమెరికాలో కొత్త కార్లన్నిటికీ సీటు బెల్టు తప్పనిసరి చేసింది 1968 జనవరి 1 నుంచే అని గుర్తుపెట్టుకుంటే, ఆ టక్కుమన్న చప్పుడు నాటి ప్రేక్షకుల చెవికి ఎంత కొత్తగా పడి ఉంటుందో ఊహించవచ్చు.

బెల్టు బిగించిన ఆ మనిషి పేరు బిల్ హిక్‌మన్. నటుడు కన్నా ముందు ఆయన స్టంట్ డ్రైవరు. నటుడు జేమ్స్ డీన్‌కు స్నేహితుడు. 1955 సెప్టెంబరు 30న డీన్ తన పోర్షాలో ముందు వెళుతుంటే, వెనక స్టేషన్ వ్యాగన్‌లో వస్తున్నది హిక్‌మన్. కూడలిలో గుద్దుకుని నుజ్జయిన కారు దగ్గరికి మొదట చేరినవాళ్లలో ఆయన ఒకడు. డీన్ వయసు 24. అది తెలిశాక ఆ బెల్టు దృశ్యాన్ని మునుపటిలా చూడలేకపోయాను. అరవైల చివరి ఏళ్లలో అమెరికా రోడ్ల మీద ఏటా 50 వేలకు పైగా మనుషులు చనిపోయేవారు. కార్ల కంపెనీల నిర్లక్ష్యం మీద రాల్ఫ్ నాడర్ 1965లో పుస్తకం రాశాడు, మరుసటి ఏడాది భద్రతా చట్టం వచ్చింది. డిపోలో గుద్దుకున్న బస్సులను చూసి చూసి, వేగం మీద నాకు మోజు పోయింది. అయినా ఈ ఛేజింగ్ వస్తే టీవీ ముందు నుంచి లేవను. ఇది మా ఇంట్లో శాశ్వత తగాదా.

ఎందుకు లేవలేనంటే, అక్కడ బరువు ఉంది. తొమ్మిదో తరగతిలో చదివిన జడత్వం, ఘర్షణ కంటికి కనిపిస్తాయి. ఇప్పటి కంప్యూటర్ కార్లు గాలిలో పల్టీలు కొట్టి దిగినా స్ప్రింగు కుంగదు. ఇక్కడ కుంగుతుంది. తప్పులూ ఉన్నాయి. ఒకే ఆకుపచ్చ బీటిల్ కారును పదే పదే దాటుతారు. ఛార్జర్ నుంచి ఊడిపోయిన వీల్ క్యాపులు లెక్కపెడితే దానికున్న చక్రాలకన్నా ఎక్కువ తేలతాయి. ఒక మలుపు మెక్‌క్వీన్‌కు దాటిపోయి, టైర్లు పొగలు కక్కుతుండగా వెనక్కి వస్తాడు. దాన్ని కత్తిరించకుండా ఉంచేశారు. ఈ ముక్కలన్నీ అతికిన ఎడిటర్ ఫ్రాంక్ కెల్లర్‌కు ఆస్కార్ వచ్చింది.

తర్వాత 1971లో 'ఫ్రెంచ్ కనెక్షన్', 'వానిషింగ్ పాయింట్' వచ్చాయి. మొదటిదానిలో పైవంతెన రైలు కింద దూసుకెళ్లిన పాంటియాక్ వెనకా హిక్‌మన్ ఉన్నాడు. అప్పటికే మజిల్ కారుకు నూకలు చెల్లుతున్నాయి. కుర్రవాళ్లకు బీమా ప్రీమియం మోయలేనంత అయింది. 1970 నాటి వాయుకాలుష్య చట్టంతో ఇంజన్ల బలం తగ్గించక తప్పలేదు. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేసరికి బంకుల ముందు వరసలు కట్టారు. అంతా కలిపి పదేళ్ల వైభవం కూడా లేదు.

సినిమా కోసం రెండు మస్టాంగ్‌లు కొన్నారు. ముఖ్యమైనదాన్ని 1974లో న్యూజెర్సీలో ఒకాయన పత్రికలో ప్రకటన చూసి కొనుక్కున్నాడు. తిరిగి ఇచ్చెయ్యమని 1977లో స్వయంగా మెక్‌క్వీన్ ఉత్తరం రాసినా ఇవ్వలేదు. ఆ ఇంటావిడ బడిపంతులమ్మ. లోకమంతా వెతుకుతున్న ఆ కారులోనే రోజూ పిల్లలకు పాఠాలు చెప్పడానికి వెళ్లేది. 1980లో క్లచ్ పోయి అది మూలపడింది. 2020 జనవరిలో వాళ్ల కొడుకు వేలానికి పెడితే, రుసుములతో కలిపి 37 లక్షల 40 వేల డాలర్లు పలికింది. రంగు వెయ్యలేదు, సొట్టలు తియ్యలేదు. కెమెరాలు బిగించడానికి 1968లో వెల్డింగ్ చేసిన గొట్టాలు బాడీ కింద అలాగే ఉన్నాయి.