పరిటాల శిస్తు, మెర్లిను యంత్రము

వేదాద్రి నృసింహుని కొండపాదమును కృష్ణవేణి యొరసికొని పాఱు మెట్టసీమలో, జగ్గయ్యపేట దాటి కొంతదూరము పోయినంతనే ఆంగ్లేయుల యేలుబడి ముగిసి నిజాము రాజ్యము మొదలగుచుండెడిది. అంతియ కాదు, నందిగామ తాలూకా నడుమనే, నలుదెసల ఆంగ్లేయ రాజ్యము చుట్టుకొనియున్నను, పరిటాల మొదలగు కొన్ని వజ్రపుసీమ గ్రామములు రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైతము నిజామునకే శిస్తు కట్టుచుండెను. ఆ శిస్తు నందుకొనిన ప్రభువు ఆంగ్లేయుల యుద్ధవిమానములకు ధనమిచ్చి, వాని దళములకు తన రాజ్యము పేరు పెట్టించుకొనిన వృత్తాంతము మనవారు అంతగా తలపని చరిత్ర.

మొదటి యుద్ధమున, 1918లో, ఫ్రాన్సునకు పోయిన 110వ దళపు బాంబరులపై అవి నిజాము కానుకలని వ్రాయబడియుండెను. రెండవ యుద్ధమున హైదరాబాదు నామము వహించిన పోరాట విమానదళములు 152వ స్పిట్‌ఫయరు దళమును, 253వ హర్రికేను దళమును. 152వ దళపు చిహ్నము నిజాము శిరోవేష్టనము; దాని ధ్యేయవాక్యము ఆంగ్లేయులు ఆయనకొసగిన 'విశ్వాసపాత్రుడైన మిత్రుడు' అను బిరుదమే. 1940 వేసవిని ఈ దళము దక్షిణేంగ్లండునందలి వార్మ్‌వెల్ నుండి లేచి జర్మను విమానముల నెదిరించెను.

ఈ రెండు విధముల విమానములకును ఇంజను ఒక్కటియే: రోల్స్‌రాయిస్ వారి మెర్లిను, 12 సిలిండర్లది, 27 లీటర్లది. దాని ఘనతకు పెట్రోలెంత కారణమో, గాలియు నంత కారణము. 18,000 అడుగుల ఎత్తున వాయుపీడనము నేలమీది దానిలో సగమే యగుటచే, సామాన్యమైన ఇంజను అచ్చట సగము బలమును కోల్పోవును. కమ్మరి కొలిమికి తిత్తి యెట్లో మెర్లినుకు సూపర్‌చార్జరు అట్లు: ఇంజను ఇరుసునుండియే పండ్లచక్రములచే నడుపబడి, నిమిషమునకు 25,000 చుట్లకు పైగా తిరుగు రెక్కలచక్రము పలుచని గాలిని దట్టముచేసి సిలిండర్లలోనికి నెట్టును. అయితే ఈ మేలు ఊరక రాదు. చక్రము త్రిప్పుటకు ఇంజను తన బలమునుండియే పాలు పంచవలెను; నొక్కబడిన గాలి వేడెక్కి, ఇంధనము అదను తప్పి ప్రేలును. 1940లో అట్లు అదను తప్పి ప్రేలని 100 ఆక్టేను పెట్రోలు అందుటచేతనే మెర్లినుపై అధికపీడనము ప్రయోగించుట సాధ్యమయ్యెను. ఏకవేగపు చక్రము ఒక్క ఎత్తునకే కుదురును గనుక, జర్మనులు ఎత్తునుబట్టి వేగము మాఱునట్లు ద్రవబంధము నమర్చుకొనిరి. ఈ యొక్క విషయమున వారి నేర్పే మిన్న యని నా యభిప్రాయము. 1938లో రోల్స్‌రాయిస్‌లో చేరిన స్టాన్లీ హూకరు ఇంజనీరు కాదు, గణితవేత్త. గాలి నడచు దారులను లెక్కగట్టి సవరించినవాడాతడు. తరువాత రెండు చక్రములను వరుసగా నిలిపి, నడుమ గాలిని చల్లార్చు ఏర్పాటుతో వెలువడిన మెర్లిను 61, 1942లో స్పిట్‌ఫయరును జర్మనుల ఫోకెవుల్ఫ్ 190కి దీటుగా నిలిపెను.

మన దిక్కున ఈ మెఱుగుల ఫలము కొంత ఆలస్యముగా కనబడినది. వంగదేశముపై ఫొటోలు తీయుచు తిరుగాడు జపాను 'డైనా' విమానముల యెత్తును హర్రికేనులు అందుకొనలేకపోయెను. 1943 నవంబరున స్పిట్‌ఫయరులు వచ్చినంతనే ఆ డైనాలు వరుసగా కూలినవి. ఆ యేటి చివరనే 152వ దళమును భారతదేశమునకు తరలివచ్చి, 1944లో ద్విదశల మెర్లిను గల ఎనిమిదవ రకపు స్పిట్‌ఫయరులతో బర్మా సరిహద్దున పోరాడెను.