రంపా కొండల్లో బ్యాలెన్స్ ఎవరు కుదిర్చారు?

పోస్టు కొంచెం పెద్దదే. హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదువుకోండి.

మాది ఉప్పలగుప్తం. సముద్రం, కొబ్బరి చెట్లు, వరి చేలు తప్ప కొండ అనేదే కనపడని ఊరు. మొన్న సంక్రాంతికి మా పిన్ని కొడుకు ఏజెన్సీ నుంచి ఇద్దరు ఫ్రెండ్స్‌ని వెంటబెట్టుకొచ్చాడు. ముగ్గురూ కంప్యూటర్ డిప్లొమా పిల్లలే. 1922 రంపా పోరాటం మీద ఒక స్ట్రాటజీ గేమ్ చేస్తున్నారట. ఒక పక్క తెల్ల ప్రభుత్వం, ఇంకో పక్క మనవాళ్ళు. లాప్‌టాప్ ముందేసుకుని మూడు రోజులు ఒకటే గొడవ. ఎందుకంటే ఎన్నిసార్లు ఆడినా ప్రభుత్వం పక్షమే గెలుస్తోంది. ఇక లాభం లేదని వాళ్ళు చేసిందేంటంటే, అల్లూరి సీతారామరాజు యూనిట్‌కి తుపాకీ గుళ్ళు తగలకుండా ఒక శక్తి ఇచ్చేశారు. దాంతో ఆట సమమైపోయింది.

"అన్నయ్యా, చూడు ఎలా ఉందో" అన్నాడు మావాడు. ఆడాను. బాగానే ఉంది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రాజుగారికి గుళ్ళు తగలవని అప్పట్లో జనం చెప్పుకున్న మాట నిజమే. జనం చెప్పుకోవడం వేరు, చరిత్ర నడిచిన తీరు వేరు. మంత్రంతోనే గెలిచామంటే అన్నం పెట్టినవాళ్ళు, కబురు మోసినవాళ్ళు, దారి చూపినవాళ్ళు చేసిన పనికి లెక్కేది? ఇంకో సంగతి కూడా కనిపించింది. వాళ్ళ ఆటలో రాజుగారు ఒక్కరే పేరున్న హీరో. గాం గంటందొర లేడు, గాం మల్లుదొర లేడు, గోకిరి ఎర్రేసు లేడు, కంకిపాటి పడాలు లేడు. మనవాళ్ళంతా 'విల్లు యూనిట్ 1', 'విల్లు యూనిట్ 2'. చేసింది మన పిల్లలే మరి!

బ్యాలెన్స్ అంటే ఏంటో ముందు చూద్దాం. మీలో చాలామంది ఆడే 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' 1999లో వచ్చింది. అందులో ఈటె పట్టినవాడు గుర్రాన్ని ఆపుతాడు, గుర్రం విలుకాణ్ణి తొక్కేస్తుంది, విలుకాడు ఈటెవాణ్ణి దూరం నుంచే కొడతాడు. ఒకదానికి ఇంకొకటి విరుగుడు. ఎవరైనా మరీ ఎక్కువగా గెలుస్తుంటే కంపెనీ వాళ్ళు లక్షల మ్యాచ్‌ల లెక్కలు చూసి, ఒకరి బలం కొంచెం తగ్గించి, ఇంకొకరి ఖర్చు కొంచెం మార్చి కొత్త ప్యాచ్ వదులుతారు. 2022 ఏప్రిల్‌లో ఆ ఆటలో 'ఇండియన్స్' అనే ఒక్క జాతిని విడగొట్టి, మన దక్షిణాదికి 'ద్రవిడియన్స్' అని వేరే జాతి పెట్టారు. (అదే నెల 4న మన తూర్పు గోదావరి జిల్లాని కూడా విడగొట్టారు. మేం కోనసీమలోకి, రంపచోడవరం అల్లూరి జిల్లాలోకి వెళ్ళాం. ఆ ఏడాది ఏప్రిల్ అంతా విడగొట్టడాలే!) ఆ ద్రవిడియన్స్‌కి మంచి గుర్రపు దళం ఉండదు. బదులుగా కాలిబంట్లు, ఓడలు గట్టిగా ఉంటాయి. ఒకటి తగ్గిస్తే ఇంకొకటి పెంచుతారన్నమాట.

మన అమ్మమ్మలకి ఇది కొత్త సంగతేం కాదు. పులి-మేక ఆట గుర్తుందా? పులులు 3, మేకలు 15. పులి మేకను దూకి చంపుతుంది. మేక ఎవర్నీ చంపలేదు. అయినా ఆట సమంగానే నడుస్తుంది, ఎందుకంటే గెలుపు అనే మాటకి రెండు పక్షాలకీ అర్థం వేరు. పులి గెలవాలంటే చంపాలి. మేకలు గెలవాలంటే పులి కదలకుండా దారులు మూసెయ్యాలి. బలం సమానం చెయ్యకుండానే ఆటని సమానం చేసిన తెలివి అది. మావాళ్ళ గేమ్‌లో మాత్రం ఇద్దరికీ గెలుపు ఒక్కటే, అవతలి వాళ్ళందర్నీ చంపడం. ఆ లెక్కన తుపాకులు ఎక్కువున్నవాడే గెలుస్తాడు. ఇక మంత్రం పెట్టకపోతే కుదరదు మరి.

ఇప్పుడు అసలు 1922కి వెళ్దాం.

మ్యాప్ ముందు చూడండి. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు మీద, అడవిలో తిరగడం మీద అడ్డంకులు మొదలయ్యాయి. అంతకుముందే, 1879లో, చిగురు పన్ను పేరుతో కల్లు మీద పన్ను వేసినందుకు రంపాలో పెద్ద తిరుగుబాటు జరిగింది. ప్రభుత్వం దానికి 'పితూరీ' అని పేరు పెట్టింది. ఆ తర్వాత గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కాలంలో కొండవాళ్ళ చేత తక్కువ కూలికి ఘాట్ రోడ్డు పని చేయించారు. ఆ రోడ్డు దేనికి? గేమ్ భాషలో చెప్తే రోడ్డు వేస్తే యూనిట్ వేగం పెరుగుతుంది. పోలీసు కొండెక్కే వేగాన్ని మనవాళ్ళ చేతులతోనే పెంచారు. మ్యాప్‌ని ముందే మార్చుకుంటున్నాడు అవతలివాడు. ముఠాదారీ పోగొట్టుకున్న గాం గంటందొర లాంటివాళ్ళు రాజుగారి పక్కన నిలబడటానికి ఇవన్నీ కారణాలే.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు పోలీస్ స్టేషన్లు. దొరికినవి 26 తుపాకులు, 2,500కి పైగా తూటాలు. రాజవొమ్మంగిలో నిర్బంధంలో ఉన్న మొట్టడం వీరయ్యదొరని విడిపించుకున్నారు. మావాళ్ళకి ఇక్కడే ఒక లెక్క చూపించాను. 2,500ని 26తో భాగిస్తే తుపాకీకి ఇంచుమించు వంద తూటాలు. కొత్తవి తయారుచేసుకునే కార్ఖానా లేదు. వాటితో దాదాపు 20 నెలలు నెట్టుకురావాలి. మావాళ్ళ గేమ్‌లో తూటాకి అంతే లేదు, పేల్చుకుంటూ పోవడమే. అసలు పోరాటంలో ప్రతి తూటా వెనక 'ఇప్పుడు కాల్చాలా, వద్దా' అన్న ఆలోచన ఉంది. ఆట రుచంతా అక్కడే ఉంది కదా!

సెప్టెంబర్ 24, దామనపల్లి ఘాట్. పోలీసు బలగం ఇరుకు దారిలో వస్తోంది. మనవాళ్ళు ముందు నడిచే జట్టుని పోనిచ్చి వెనకున్న అధికారుల మీద కాల్చారు. స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. ఎవరు ఎక్కడున్నారో ముందే తెలిసి, ఎవర్ని కాల్చాలో ముందే అనుకుంటే తప్ప ఇది జరిగే పని కాదు. గేముల్లో 'ఫాగ్ ఆఫ్ వార్' అంటారు చూశారూ, మ్యాప్ మీద నల్లటి ముసుగు, అది ఆ రోజు పోలీసుల కళ్ళకే ఉంది. మనవాళ్ళకి ప్రతి గూడెమూ ఒక కన్ను. తుపాకీలో ఉన్న తేడాని మొదటి నెలల్లో పూడ్చింది ఈ చూపే. గుళ్ళు తగలని శక్తి ఎక్కడ పెట్టాలా అని మావాళ్ళు వెతుక్కుంటున్నారు గానీ, అసలు శక్తి ఇదిగో ఇక్కడుంది.

అయితే అవతలివాడూ ప్యాచ్ వదిలాడు. స్టేషన్లలో తుపాకులు ఉంచడం మానేశాడు. అందుకే తర్వాత స్టేషన్ల మీదకి వెళ్ళినా మొదటిసారి దొరికినట్టు ఆయుధాలు దొరకలేదు. మలబారు స్పెషల్ పోలీసుని తెప్పించాడు. 1922 డిసెంబర్ 6న పెద్దగడ్డపాలెం దగ్గర ఎదురుపడిన పోరులో మనవాళ్ళకి గట్టి దెబ్బే తగిలింది. మనుషులు పోయారు, తుపాకులూ పోయాయి. దాక్కుని కొట్టే యూనిట్‌ని బయట నిలబెట్టి పోరాడిస్తే ఏమవుతుందో గేమ్ ఆడే వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. 1923 ఏప్రిల్‌లో రాజుగారు అన్నవరం వచ్చినప్పుడు జనం ఆదరించారు, కానీ కొండ కింద మైదానంలో పోరాటం అంటుకోలేదు. మా వైపు ఊళ్ళు లేవలేదు. ఈ మాట రాయడానికి నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది.

1924 మొదట్లో అస్సాం రైఫిల్స్ దిగింది. కొండల్లో తిరగడం అలవాటున్న దళం. అందులో గూర్ఖాలు, ఈశాన్య కొండ జాతుల వాళ్ళు ఉండేవాళ్ళు. కొండవాణ్ణి పట్టుకోవడానికి ఇంకో కొండవాణ్ణి తెచ్చారు. అన్నం పెట్టినవాళ్ళని పట్టుకెళ్ళారు, గూడేల మీద కాపలా పెట్టారు. అంటే యూనిట్‌ని కొట్టడం కన్నా ముందు తిండినీ కబురునీ కొట్టారు. కళ్ళు ఒక్కొక్కటీ మూసుకుపోయాయి. మే 7న మంప దగ్గర రాజుగారిని పట్టుకుని కొయ్యూరులో కాల్చి చంపారు. జూన్‌లో గంటందొర కూడా పోరులో పోయాడు.

ఇదంతా విని మావాడి ఫ్రెండ్ ఒక మంచి ప్రశ్న వేశాడు. "అన్నా, ఇంతింత చూసుకుని గేమ్ ఎవరైనా చేస్తారా?" చేస్తారు, అడిగేవాళ్ళుంటే. 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 3'ని 2020లో కొత్తగా తెచ్చినప్పుడు అమెరికా ఆదివాసుల సలహా తీసుకున్నారు. 'సూ' అన్న పేరు తీసేసి వాళ్ళు తమని పిలుచుకునే 'లకోటా' అని పెట్టారు. 'ఇరొక్వా' బదులు 'హౌడెనొషోనీ' అయింది. ఆ జాతుల చేత బంగారు గనులు తవ్వించడం కూడా తీసేశారు, వాళ్ళ బతుకులో అది లేదు కాబట్టి. దీనికి తిరగేసిన ఉదాహరణా ఉంది. 'సివిలైజేషన్ 6'లో 2018లో క్రీ జాతినీ, వాళ్ళ నాయకుడు పౌండ్‌మేకర్‌నీ పెట్టినప్పుడు, ఆ జాతి పెద్ద మిల్టన్ టూటూసిస్ బహిరంగంగానే అభ్యంతరం చెప్పాడు. భూములు ఆక్రమించుకుంటూ పోవడమే గెలుపు అనే ఆటలో తమని దింపితే, తమ విలువలూ వలస పాలకుల విలువలూ ఒకటే అన్నట్టు ఉంటుందని ఆయన బాధ. బొమ్మలు, పాటలు ఎంత అందంగా పెట్టినా గెలుపు షరతు పరాయిదైతే ఆట మనది కాదు.

మావాళ్ళు ఇప్పుడు గేమ్ మార్చారు. గుళ్ళు తగలని శక్తి తీసేశారు. గూడెం ఒక్కోటి ఒక కన్ను అయింది, ఆ గూడెంతో సంబంధం తెగితే మ్యాప్ మీద ఆ మూల నల్లబడుతుంది. తూటాలు లెక్క ప్రకారమే. గంటందొరకి, మల్లుదొరకి, ఎర్రేసుకి, పడాలుకి పేర్లు, ముఖాలు వచ్చాయి. ప్రభుత్వం పక్షం ఇప్పటికీ ఎక్కువసార్లు గెలుస్తోంది గానీ, మనవాళ్ళతో ఆడేవాడికి చేతిలో చెయ్యడానికి పని ఉంది.

ఒక్కటే తేలలేదు, ఆట ఎక్కడ ఆపాలి? మే 7న ఆపేస్తే తెర మీద 'ఓటమి' అని వస్తుంది. మావాడేమో 1952 దాకా సాగదీయాలంటాడు. ఏళ్ళ తరబడి జైలు అనుభవించిన గాం మల్లుదొర ఆ ఏడాది మొదటి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి ఎన్నికై ఢిల్లీ వెళ్ళాడు. ఆ కూర్చున్న కుర్చీకి ఎన్ని పాయింట్లు వెయ్యాలో ముగ్గురికీ తెలియక లాప్‌టాప్ మూసేసి చేపలకి పోయారు. మీకేమైనా తోస్తే కింద రాయండి, వాళ్ళకి చూపిస్తాను.