తడిగుడ్డ వైద్యం

మొన్నటి వానాకాలంలో హైదరాబాదు నుండి బెజవాడకు వస్తూండగా, నందిగామ దాటిన కొద్దిసేపటికి, నా కారులో స్టీరింగు వెనుక ఒక పసుపుపచ్చని దీపం వెలిగింది. ఇంజను ఆగలేదు. కానీ ఎంత తొక్కినా బండి ఎద్దుబండిని దాటనని మొండికేసింది. దిగి బానెట్టు ఎత్తి చూద్దును కదా, ఇంజను కనబడితేనా! దానిమీద బిగించిన నల్లని ప్లాస్టిక్ మూత మాత్రమే కనబడింది.

మర్నాడు కంపెనీవారి వర్క్‌షాపులో ఒక కుర్రవాడు స్టీరింగు కింద తీగ తగిలించి, తెరవంక చూసి, "సెన్సారు పోయింది సార్, పార్టు రావడానికి వారం పడుతుంది" అన్నాడు. ఊడదీసిన సెన్సారు నా బొటనవేలంత ఉంది. దీన్ని బాగుచేయడానికి వీలుకాదా అని అడిగాను. అతడు నన్ను చూసిన చూపులో కోపం లేదు, జాలి ఉంది. బిల్లు సంగతి ఇక్కడ రాయను.

ఆ వారమంతా నాకు మా నాన్నగారి అంబాసిడరే జ్ఞాపకం వచ్చింది. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణిగా పుట్టిన ఆ కారును హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివరి నుండి 2014 మే నెల దాకా బెంగాలులోని ఉత్తరపారాలో తయారుచేశారు. గొప్ప కారని నేననను. బ్రేకు తొక్కి దైవప్రార్థన చేయవలసిన సందర్భాలు నాకు తెలుసు. కానీ దాని రోగాలన్నీ కంటికి కనబడేవి, చేతికి అందేవి. ఎండాకాలంలో పంపులోని పెట్రోలు వేడికి ఆవిరై బుడగలు కట్టి, ఇంజనుకు ధార అందక బండి నిలిచిపోయేది. నాన్నగారు ఏ బావి దగ్గరో తువ్వాలు తడిపి తెచ్చి పంపు మీద కప్పేవారు. మేము చెట్టు కింద ముంజలు తినేసరికి పంపు చల్లబడేది, బండి కదిలేది.

తడిగుడ్డకు లొంగని జబ్బయితే ఆటోనగర్‌లో సాయెబుగారు ఉండేవారు. ఆయన ముందు ఇంజను చప్పుడు వినేవారు. తరువాత కార్బురేటరు విప్పి, సన్నని జెట్టును నోటితో ఊది, వెలుతురుకు పెట్టి చూసేవారు. డిస్ట్రిబ్యూటరు లోపలి పాయింట్లను గరుకు కాగితంతో రుద్ది, వాటి నడుమ సందు సరిచేసేవారు. అక్షరం రాదు, చెవి మాత్రం శాస్త్రం చదువుకున్నది. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా అందిననాడు ఇక మెకానిక్కుల పని అయిపోయిందన్నవారున్నారు. కాలేదు. దానికీ కార్బురేటరే కనుక సాయెబుగారు నెల తిరక్కుండా దానినీ వంటబట్టించుకున్నారు.

అసలు మలుపు గాలి వల్ల వచ్చింది. ఈ సంగతి చెప్పకుండా పాతకాలాన్ని పొగడడం న్యాయం కాదు. కార్బురేటరు పెట్రోలును ఉజ్జాయింపుగా కలుపుతుంది. పొగలోని విషాన్ని విరిచే కెటలిటిక్ కన్వర్టరుకు ఉజ్జాయింపు పనికిరాదు. 1995 ఏప్రిల్ నుండి నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు ఆ కన్వర్టరు తప్పనిసరి అయింది. సీసం దానిని చంపేస్తుంది కనుక సీసం లేని పెట్రోలూ వచ్చింది. 1999 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజధాని ప్రాంతానికి యూరో ప్రమాణాలు విధించడంతో కార్బురేటరు రోజులు చెల్లాయి. దాని స్థానంలో ఇంజెక్టర్లు, వాటిని నడిపే కంప్యూటరు, దానికి కబురందించే సెన్సార్లు వచ్చి చేరాయి. మన పిల్లల ఊపిరితిత్తులకు అది మేలే. ఆ మేలును నేను కాదనను.

అయితే, పొగ తగ్గించడానికి కంప్యూటరు కావాలి కానీ, ఆ కంప్యూటరుకు తాళం వేయనవసరం లేదు కదా! అమెరికా చరిత్ర ఇక్కడ వింతగా ఉంటుంది. 1996 నమూనాల నుండి అక్కడి కార్లన్నిటికీ ఒకే తీరు పరీక్షా ద్వారం ఉండాలన్నది పొగ కోసం వచ్చిన నిబంధనే. దాని వల్ల వీధి చివరి మెకానిక్కు కూడా లోపాన్ని చదవగలిగాడు. తాళమూ తాళంచెవీ ఒకే చట్టం కడుపున పుట్టాయన్నమాట. తరువాత కంపెనీలు పొగకు సంబంధించని భాగాలను తమ సొంత పరికరాలకే పలికేటట్టు చేయగా, 2012లో మసాచుసెట్స్ ఓటర్లు మరమ్మతు హక్కు చట్టాన్ని భారీ ఆధిక్యంతో గెలిపించారు. కార్లు సమాచారాన్ని గాలిలోనే కంపెనీకి పంపడం మొదలుపెట్టాక, 2020లో మళ్ళీ ఓటు వేయవలసివచ్చింది.

మన దగ్గరా ఒక తీర్పు వచ్చిందని చాలామందికి తెలియదు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. విడిభాగాలను, లోపాలు కనిపెట్టే పరికరాలను బయటి మెకానిక్కులకు అందనీయడంలేదన్నది అభియోగం. ఆ 14లో హిందుస్థాన్ మోటార్స్ పేరూ ఉంది! అంబాసిడరు ఆగిపోయిన మూడు నెలలకే ఆ మాట పడవలసివచ్చింది. కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు పేరిట ఒక పోర్టలు ప్రారంభించింది.

కారు తిరిగి చేతికి వచ్చిన రోజున ఆటోనగర్ వైపు వెళ్ళాను. సాయెబుగారు షెడ్డు ముందు కుర్చీలో కూర్చుని ఉన్నారు. లోపల ఆయన మనవడు ఆటోలకు పంక్చర్లు వేస్తున్నాడు.

"చిన్నబాబూ, చప్పుడు వినిపించు," అన్నారాయన.

ఇంజను తిప్పాను. కళ్ళు మూసుకుని కాసేపు విన్నారు. "మంచిగా ఉంది బాబూ. కానీ లోపల ఏమున్నదో ఇది నాకు చెప్పడంలేదు."

టీ తెప్పించారు. తాగుతూండగా గోడకు తగిలించిన పాత కార్బురేటరు కనబడింది. తీసి నా చేతికిచ్చారు. ఫ్లోటు కదిలించి చూశాను. ఇంకా పనిచేస్తోంది.