కౌలు, అమాన్, కఫీల్

మన గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్ళలో మిర్చి వేసే రైతు నోట్లో రోజుకు పదిసార్లు నలిగే మాట ‘కౌలు’. ఎకరం కౌలెంత, ముందే కట్టాలా, కౌలు కార్డు వచ్చిందా అని. ఇది అరబ్బీ ‘ఖౌల్’. మాట, జబాన్ అని దాని మానె. ‘ఇంత కట్టు, నీ పని నువ్వు చేసుకో, నీ జోలికి రాను’ అని హాకిమ్ రాసిచ్చే కాగితం ఖౌల్‌నామా. భూమి దున్నేవాడికీ ఇచ్చేవారు, ఓడ దిగిన పర్దేశీ తాజిర్‌కీ ఇచ్చేవారు. మొదటిది పొలం గట్ల మీద బతికుంది, రెండోది మర్చిపోయాం. ‘రహదారి’ సంగతీ అంతే. ఇప్పుడు దాని మీద పత్తి లారీలు తిరుగుతున్నాయి గానీ, ఆ మాట మొదట్లో దారి సుంకానికీ, దారిన పోనిచ్చే ఇజాజత్ చీటీకీ పేరు. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినందుకు నాకు మిగిలిన ఫాయిదా ఇలాంటి మాటల దగ్గర కాసేపు ఆగడమే.

పరాయి దేశంలో దుకాణం పెట్టాలంటే వీసా, లైసెన్సు, కఫీల్, ఏటా రెన్యువల్... ఈ తతంగమంతా దుబాయిలోనో రియాద్‌లోనో పుట్టిందని మన ఇళ్ళల్లో అనుకుంటారు. ఒకప్పుడు మన ఒడ్డునే బయటివాళ్ళు ఇలాంటి కాగితాల కోసం నిలబడ్డారు. ఇచ్చే చెయ్యి మనది.

చినగంజాం దగ్గర మోటుపల్లి ఉంది. మొన్నటిదాకా ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. అక్కడి వీరభద్రుడి గుడిలో ఒక రాతి స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన శాసనం ఉంది. చరిత్ర పుస్తకాల్లో దాన్ని అభయ శాసనం అంటారు. అభయం అంటే మన అమాన్. అందులోని మజ్మూన్ ఇది: ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతున్న ఓడలు తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, మునుపటి రాజులు వాటిలోని సరుకంతా లాక్కునేవారు. ధనం ప్రాణం కంటే తీపి కాబట్టి, సముద్రం మీద అంత ఖతరాకు తెగించి వచ్చినవాళ్ళ దగ్గర మేము నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోము. వచ్చే సరుకు మీదా పోయే సరుకు మీదా ముప్పైలో ఒక వంతు. ఆ తర్వాత గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, రాగి, తగరం, పగడం, మిరియాలు అంటూ లెక్కలు. గల్ఫ్‌లో ఫీజుల పట్టిక చూసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. మార్కో పోలో ముత్ఫిలీ అని రాసిన రేవు ఇదే. ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందని ఆశ్చర్యపోయాడు.

నాకు మాత్రం గణపతిదేవుడి శాసనం కంటే అదే మోటుపల్లిలో వందేళ్ళ తర్వాత వచ్చింది ఎక్కువ నచ్చుతుంది. 1358లో అనపోతారెడ్డి వేయించాడు. అద్దంకి నుంచి రాజధానిని కొండవీడుకు మార్చిన రెడ్డి రాజు ఇతనే. బయటి నుంచి వచ్చి ఇక్కడ నిలబడి తిజారత్ చేసుకునేవాళ్ళకు ఇతను ఇచ్చిన హామీలు చూడండి. వచ్చి స్థిరపడేవాళ్ళకు ఇజ్జత్‌తో పాటు భూమి ఇస్తాం. సరుకు ఇష్టమైనవాళ్ళకు అమ్ముకోవచ్చు, బదులుగా ఏ సరుకైనా కొనుక్కోవచ్చు. వెళ్ళిపోతామంటే ఆపం, పంపిస్తాం. ఇంకొకటి, కొడుకులు లేకుండా చనిపోయిన వ్యాపారి ఆస్తిని రాజు జప్తు చేసే ‘అపుత్రిక’ అనే రివాజును ఎత్తేశాం.

వెళ్ళిపోతామంటే ఆపం. ఈ ముక్కను ఖతర్‌లో, సౌదీలో పనిచేసిన మన అన్నదమ్ములకు చదివి వినిపించాలి. ఖతర్‌లో చాలామంది కార్మికులకు ఎగ్జిట్ పర్మిట్ బాధ తప్పింది 2018లో, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు 2020లో. సౌదీలో యజమాని ఇజాజత్ లేకుండా దేశం దాటే వీలు, అదీ కొన్ని షరతులతో, 2021 మార్చిలో వచ్చింది.

రెడ్డి రాజుల ఈ ఖుష్‌మిజాజ్ ఊరికే రాలేదు. వాళ్ళకు గుర్రాలు కావాలి, అత్తర్లు కావాలి. శ్రీనాథుడు ‘హరవిలాసం’ అంకితమిచ్చింది రాజుకు కాదు, కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలకు సుగంధాలు తెప్పించిన వ్యాపారి అవచి తిప్పయ్య సెట్టికి. డిగ్రీలో మా తెలుగు మాస్టారు హురుముంజి గుర్రాల గురించి చెబుతుంటే, క్లాసులో ఆ ఊరు తెలిసింది నాకొక్కడికే. మన హుర్ముజ్!

తర్వాత గోల్కొండ జమానా. నిజాంపట్నాన్ని అప్పట్లో పెటపోలి అనేవారు. 1606లో డచ్చివాళ్ళు అక్కడ కోఠీ పెట్టారు. 1611 ఆగస్టులో ‘గ్లోబ్’ అనే ఇంగ్లీషు ఓడ వచ్చింది. పులికాట్‌లో దిగబోతే అక్కడ ముందే పాతుకున్న డచ్చివాళ్ళు కుదరదన్నారు. అక్కడి నుంచి పెటపోలి, తర్వాత మచిలీపట్నం. వాళ్ళు వచ్చింది బట్ట కోసం. ఈ ఒడ్డున పండే చిరివేరుతో అద్దిన ఎరుపు ఉతికేకొద్దీ నిగ్గుతేలేది.

సుల్తాన్ ఫర్మాన్ ఉంటే సరిపోదు, రేవులో కూర్చున్న హవల్దార్ మిజాజ్ కూడా బాగుండాలి. అతను రేవును ఇజారాకు తీసుకున్నవాడు. కట్టింది రాబట్టుకోవాలి కదా. గొడవలు ముదిరి 1628లో ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నం వదిలి నెల్లూరు వైపు దుగరాజపట్నానికి వెళ్ళిపోయారు. మళ్ళీ తిరిగొచ్చారు. 1632లో అబ్దుల్లా ఖుతుబ్ షా వాళ్ళకు ఇచ్చిన ఫర్మాన్‌ను ‘బంగారు ఫర్మాన్’ అంటారు. ఏడాదికి 500 వరహాలు కడితే గోల్కొండ రేవులన్నిట్లో వ్యాపారం చేసుకోవచ్చు. ఎంత అమ్మినా అంతే! ఏ వ్యాపారైనా కలలో కోరుకునే లైసెన్సు. ఆ లైసెన్సుదారే 1788లో నిజాం నుంచి గుంటూరు సర్కారును చేతిలోకి తీసుకున్నాడు. గల్ఫ్ దేశాలు పర్దేశీ చేతికి పూర్తి మిల్కియత్ ఇవ్వడానికి అన్నేళ్ళు ఎందుకు జంకాయో అడిగేవాళ్ళకు నేను ఈ కథే చెబుతాను. వాళ్ళూ ఇంగ్లీషువాళ్ళను దగ్గర్నుంచి చూసినవాళ్ళే.

అయితే జంకు వేరు, దాన్ని బేరం చేసుకోవడం వేరు. ఫిఖహ్‌లో కఫాలత్ అంటే ఇంకొకరి బాధ్యతను తన మెడ మీద వేసుకోవడం. జామీను అన్నమాట. అది ఎహ్సాన్ గనుక దానికి ఉజ్రత్ తీసుకోకూడదన్నది ఫుఖహాలలో ఎక్కువమంది మాట. చమురు డబ్బు వచ్చాక గల్ఫ్ చట్టాల్లో అదే పేరు తలకిందులైంది. బాధ్యత దుకాణం నడిపేవాడిది, పేరు కఫీల్‌ది, పైగా ఏటా కఫీల్‌కు ఫీజు. ఎమిరేట్స్‌లో ఫ్రీ జోన్ల బయట కంపెనీ పెడితే 51 శాతం అక్కడివాళ్ళ పేరు మీద ఉండాల్సిందే. 2021 జూన్ నుంచి చాలా రకాల వ్యాపారాలకు ఆ షరతు పోయింది. సౌదీలో లైసెన్సు ఒకరిది, దుకాణం ఇంకొకరిదైతే దాన్ని తసత్తుర్ అంటారు. సతర్, మస్తూర్ అని మనం వాడే మాటల ఖాందానే, పర్దా వేసుకోవడం. 2020 నాటి కొత్త ఖానూన్‌లో దానికి అయిదేళ్ళ దాకా జైలు, 50 లక్షల రియాళ్ళ దాకా జుర్మానా. పర్దా తీసి సరిచేసుకోవడానికి 2022 ఫిబ్రవరి దాకా మొహలత్ ఇచ్చారు. డబ్బున్నవాళ్ళకు 2019 నుంచి ఇంకో దర్వాజా ఉంది. 8 లక్షల రియాళ్ళు కడితే కఫీల్ లేకుండా శాశ్వత ఇఖామా. మన రూపాయల్లో కోటిన్నరకు తగ్గదు. మిర్చి యార్డులో ఎన్ని టిక్కీలు అమ్మితే అంతవుతుందో మీరే లెక్కేసుకోండి.

మా ఖాలూ షార్జాలో పదిహేనేళ్ళు దర్జీ దుకాణం నడిపారు. మిషన్లు ఆయనవి, కుట్టే చేతులు ఆయన తెచ్చుకున్నవి, గిరాకీ ఆయన మొహం చూసి వచ్చేది. కాగితాల మీద దుకాణం అర్బాబ్‌ది. ఖాలూ అక్కడే గుండె ఆగి పోయినప్పుడు ఖాలా అమ్మీ చేతిలో రుజువు చూపడానికి ఒక్క ముక్క లేదు. ఆ అర్బాబ్ షరీఫ్ ఆద్మీ కాబట్టి సామాను అమ్మించి, తన జేబులోంచి కొంత కలిపి పంపాడు. ఖాలా అమ్మీ ఇప్పటికీ నమాజు తర్వాత ఆయన పేరు తీసి దువా చేస్తారు. నాకూ ఆయనంటే ఇజ్జతే. కానీ ఆయన ఇవ్వకపోయి ఉంటే అడిగే ఖానూన్ ఏదీ ఖాలా అమ్మీ చేతిలో లేదు. అనపోతారెడ్డి అపుత్రిక ఎత్తేస్తున్నానని రాతి మీద చెక్కించడం వెనక ఉన్న అసలు సంగతి అదే. రాజు మంచివాడా కాదా అన్నది చూసుకోకుండానే చనిపోయినవాడి సొమ్ము ఇంటికి చేరాలి.

ఖాలూ కొడుకు ఇప్పుడు అజ్మాన్‌లో ఒక ఫ్రీ జోన్‌లో సొంత పేరు మీద లైసెన్సు తీసుకుని గుంటూరు మిర్చి పొడి, మసాలాలు తెప్పించి అమ్ముతున్నాడు. మొన్న వీడియో కాల్‌లో ఆ కాగితం చూపించాడు. అరబ్బీలో, ఇంగ్లీషులో, పైన వాడి పేరే. కింద గడువు తేదీ. ఆలోపు ఫీజు కట్టి తాజా చేయించకపోతే వాడి వీసా, దాంతో పాటు బహూ, పిల్లల వీసాలూ చెల్లవు. బేటీ మూడో క్లాసుట. తేదీని రిఫ్రిజిరేటర్ మీద అంటించి పెట్టుకున్నాడు.