పెక్కు యంత్రములు – వాని నడిమి బాటలు



పదుగురు కూలీలు చేరినచో పొలము కోత త్వరగా ముగియును. లెక్కలు చేయు యంత్రముల కీ న్యాయ మంత సులభముగా చెల్లదు. ఒక యంత్రము తేల్చిన ఫలము వేఱొకదానికి కావలెను. అది చేరువఱకు రెండవది ఊరక నిలువవలసినదే. కావున పెక్కు ప్రాసెసరులు కలసి పనిచేయు సమాంతర కంప్యూటరులలో వాని నడిమి బాటల చరిత్రము మిక్కిలి ముఖ్యమైనది.

1983లో అమెరికాయందలి కాల్టెక్ విద్యాలయమున చార్లెస్ సైట్జ్, జెఫ్రీ ఫాక్స్ మున్నగువారు కాస్మిక్ క్యూబు అను యంత్రమును నిర్మించిరి. అందు 64 ప్రాసెసరులు కలవు. ప్రతిదానికిని సున్న, ఒకటి అను అంకెలతో ఆరంకెల సంఖ్య నొసంగి, ఒక్క అంకెలో మాత్రమే భేదించు వానిని తీగతో కలిపిరి. దీనిని హైపర్‌క్యూబు అందురు. ఇందు ఎచటినుండి యెచటికైనను 6 మజిలీలకు మించదు. వానినే చదరంగపు బల్లవలె వరుసకు ఎనిమిదిగా నమర్చినచో మూలనుండి ఎదుటి మూలకు 14 మజిలీలగును. మొదటిదే మేలని యెల్లరకును తోచును.

ఆనాడు వార్త ప్రతి మజిలీయందును పూర్తిగా దిగి, పిమ్మట కదలెడిది. 20 బండ్ల వరుస ప్రతి సత్రమునను కడపటి బండికై ఆగుట వంటి దిది. బండి వెనుక బండి గడియకొకటిగా మజిలీ చేరుననుకొందము. ఆరు మజిలీలకు 120 గడియలు, పదునాలుగింటికి 280 గడియలు పట్టును.

1986లో విలియం డాలీ, సైట్జ్ గార్లు మొదటి బండి ఆగక సాగిపోవ తక్కినవి వెంబడించు పద్ధతితో వార్తలు నడపు చిప్పును నిర్మించిరి. అపుడు 120 గడియలు 25 అయ్యెను. 280 గడియలు 33 అయ్యెను. దూరము వలని భేదము సన్నగిల్లెను.

యంత్రమును నడిమికి చీల్చినచో హైపర్‌క్యూబున 32 బాటలు, చదరపు వలలో 8 బాటలు తెగును. కావున అన్నియే తీగలతో వల బాటను నాలుగింతలు వెడల్పు చేయవచ్చును. నాలుగేసి బండ్లు ప్రక్కప్రక్కన నడువగా 33 గడియలు 18కి దిగును. ఇట్టి తర్కమునే డాలీగారు 1990లో గణితపూర్వకముగా ప్రకటించిరి.

ఇందొక చిక్కు కలదు. నాలుగు వరుసలు కూడలిలో ఒకదాని కొకటి అడ్డుపడినచో అన్నియు నిలిచిపోవును. మొదట తూర్పుపడమరలుగా నడచి, పిదపనే ఉత్తరదక్షిణములకు తిరుగవలెనను నియమముతో వలలో నది తీరును.

ఇంటెల్ సంస్థ 1985లో హైపర్‌క్యూబు యంత్రమును వెలువరించెను. 1991లో కాల్టెక్‌నందే స్థాపించిన టచ్‌స్టోన్ డెల్టాకు చదరపు వలనే అమర్చెను.

ఇదియు శాశ్వతమైన తీర్పు కాదు. చిప్పుల శక్తి పెరిగిన పిమ్మట, 2008లో డాలీగారే సహచరులతో గూడి, మజిలీలు తక్కువగా నుండు వేఱొక కూర్పును ప్రతిపాదించిరి. తీగల వెల, బాట వెడల్పు, మజిలీల సంఖ్య – ఈ మూటిని కలిపి లెక్కించినవారికే యే కూర్పు మేలో తెలియును.